ఎన్ని స్టార్లని కాదు, ఏ కంప్యూటర్‌లో ఆడావని అడిగారు

గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని కొడుకు గేమింగ్ సెంటర్ నడుపుతున్నాడు. ఎనిమిది కంప్యూటర్లు, రెండు ప్లేస్టేషన్లు, అరుస్తూ పనిచేసే ఒక ఏసీ. సాయంత్రం ఐదు దాటితే కుర్చీ దొరకదు. అక్కడికొచ్చే కుర్రాళ్లు కొత్త గేమ్‌ల గురించి చదువుకోవడానికి తెలుగులో ఏమీ లేదని వాడు తరచూ అంటుంటే, ఒకరోజు ‘నేను రాస్తాలే’ అని నోరు జారాను. దాని ఫలితమే ఆ సెంటర్ గోడ మీద అంటించిన ఏ4 కాగితం. పైసగం నా రివ్యూ, కింద సగం ఖాళీ. పక్కనే బ్యాంకులో కట్టినట్టు దారానికి వేలాడే ఒక పెన్ను. చదివినవాళ్లు ఏమనుకుంటే అది రాయొచ్చు.

మొదటి రివ్యూకి నేను ఎంచుకున్నది ‘బ్లాక్ మిత్ వుకాంగ్’. గేమ్ సైన్స్ అనే చైనా స్టూడియో తయారుచేసి 2024 ఆగస్టు 20న విడుదల చేసిన గేమ్ ఇది. మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడుపోయాయి. చైనా పాత కథల్లోని వానర వీరుడు హీరో, చేతిలో గద లాంటి దండం. మన కుర్రాళ్లకు అంతకన్నా ఏం కావాలి? బ్రాడీపేటలో దాని పేరు ‘హనుమంతుడి గేమ్’. ఈయన ఆయన కాదని చెప్పినా ఎవరూ వినరు, నేనూ చెప్పడం మానేశాను.

నా మటుకు నేను బాగానే రాశాననుకున్నాను. బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయో, పోరాటాలు ఎంత బిగువుగా ఉన్నాయో, దారి ఉన్నట్టే కనిపించి కనపడని గోడ అడ్డుతగిలే చోట్ల ఎంత చిరాకొస్తుందో అంతా రాసి, చివర నాలుగు స్టార్లు వేశాను. మొదటి అధ్యాయంలోనే పెద్ద బుర్రతో తిరిగే ఒక శత్రువు ఉంటాడు, అంత తొందరగా అంత కష్టమైన వాణ్ని పెట్టడం అన్యాయం అని కూడా రాశాను. వాడి దగ్గర రెండు రాత్రులు పోయాయి నాకు. ఆ కోపమంతా అందులో ఉంది.

వారం తర్వాత వెళ్లి చూస్తే కాగితం కింద సగం నిండిపోయింది. ‘ఏ గ్రాఫిక్స్ కార్డు అన్నా?’ కంప్యూటర్‌లో గేమ్ బొమ్మలను నడిపే భాగం గురించిన ఈ ప్రశ్న మూడు రకాల చేతిరాతల్లో ఉంది. ‘ఎన్ని గంటలు ఆడి రాశావ్?’ ‘చాలా పెద్దగా రాశావ్ బ్రో.’ ఒకాయన వానర వీరుడి బొమ్మ వేశాడు, నా రివ్యూ కంటే అదే బాగుంది. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో, ‘ఆ గుండుగాణ్ని కొట్టక్కర్లేదు అన్నా. పక్క నుంచి వెళ్లిపోవచ్చు. తర్వాత బలం పెరిగాక వచ్చి కొట్టు.’

నిజమే. వాణ్ని చంపకుండానే కథ ముందుకు పోతుంది. రెండు రాత్రులు నేను తలుపు తీసి ఉన్న ఇంటి గోడ దూకడానికి ప్రయత్నించాను, పైగా గోడ ఎత్తుగా ఉందని తిట్టాను. ఇది గేమ్ తప్పా, నా తప్పా? పక్కకు పోవచ్చని ఆటగాడికి తట్టేలా చేయాల్సిన బాధ్యత గేమ్‌కీ కొంత ఉందని ఇప్పటికీ అంటాను. కానీ ‘అన్యాయం’ అన్న మాట మాత్రం కొట్టేయాల్సిందే. కొట్టేశాను, ఆ కుర్రాడి వాక్యాన్ని బాణం గుర్తు గీసి పైకి తెచ్చాను. ఆ కాగితంలో పనికొచ్చిన మొదటి వాక్యం అదే.

మనకు రివ్యూ అంటే సినిమా రివ్యూనే. విజయవాడ గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల మధ్య తిరుగుతూ పెరిగినవాణ్ని నేను. మార్నింగ్ షో ఇంటర్వెల్‌కే టాక్ బయటికొచ్చేది. ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ సాగదీశాడు, క్లైమాక్స్ తేలిపోయింది. ఎంత పొదుపైన భాష అది! వెబ్‌సైట్లు వచ్చాక దానికి 2.75 అనే అంకె తోడైంది. 2.75కీ 3కీ మధ్య ఉన్న ఆ పావు స్టార్‌లో ఏముంటుందో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ ఆ పావు కోసం జనం కొట్టుకోవడం చూశాను. ఈ అలవాటునే గేమ్‌ల మీదకు తెచ్చాను నేను. అక్కడే దెబ్బతిన్నాను. సినిమా హాల్లో అందరూ చూసేది ఒకే సినిమా. సీటు ముందుదో వెనకదో, అంతే తేడా. గేమ్ అలా కాదు. నా ఇంట్లో ఆడింది ఒక గేమ్, అదే పేరుతో ఇంకొకడి పాత కంప్యూటర్‌లో నత్తలా నడిచేది ఇంకో గేమ్.

‘ఏ కార్డు అన్నా?’ అన్న ప్రశ్నను మొదట నేను తేలిగ్గా తీసుకున్నాను, కళ గురించి రాస్తే కార్డు గురించి అడుగుతారేమిటని. అడిగింది సరైన ప్రశ్నే అనడానికి 2020 డిసెంబర్ 10న విడుదలైన ‘సైబర్‌పంక్ 2077’ అనే గేమ్ ఒక్కటి చాలు. విడుదలకు ముందు సమీక్షకులకు ఇచ్చింది కంప్యూటర్ వెర్షన్ మాత్రమే. వాళ్లు మంచి కంప్యూటర్లలో ఆడారు, తొంభైల్లో మార్కులు వేశారు. కొన్నవాళ్లలో చాలామంది దగ్గర ఉన్నది ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ లాంటి పాత కన్సోళ్లు, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టెలు. వాటిలో మనుషుల మొహాలు మైనంలా కరిగాయి, గేమ్ మధ్యలో ఆగిపోయింది. డిసెంబర్ 17న ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ తన స్టోర్ నుంచే దాన్ని తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కిస్తామంది. మళ్లీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లో. సమీక్షకులు అబద్ధం రాయలేదు. వాళ్ల బల్ల మీద ఉన్న గేమ్ గురించి నిజమే రాశారు. ‘ఏ కార్డు అన్నా?’ అని అడిగే బ్రాడీపేట కుర్రాడు ఆ సమయానికి వాళ్ల పక్కన లేడు, అంతే.

మన దగ్గర ఇది ఇంకా ముఖ్యం. గేమ్ ఆడే తెలుగువాళ్లలో ఎక్కువమందికి గేమ్ అంటే ఫోన్. ఫోన్ వేడెక్కుతుందా, పది నిమిషాలకు ల్యాగ్, అంటే ఆట ఆగి ఆగి నడవడం, మొదలవుతుందా, ఎన్ని జీబీలు మింగుతుంది, ఛార్జింగ్ ఎంతసేపు ఆగుతుంది, సాయంత్రం వీధిలో అందరూ నెట్ వాడేటప్పుడు పింగ్, అంటే నెట్ స్పందించడంలో ఆలస్యం, ఎంత ఉంటుంది? ఇవి రాయని రివ్యూ, సీట్లు విరిగిన హాల్లో బొమ్మ బాగుందన్నట్టే.

ఇంకో తిరకాసు ఉంది. సినిమా విడుదలైన రోజు ఎలా ఉందో పదేళ్లకూ అలాగే ఉంటుంది. గేమ్ ఉండదు. 2016 ఆగస్టులో వచ్చిన ‘నో మ్యాన్స్ స్కై’ చెప్పిన మాటలకూ చేతికొచ్చిన దానికీ పొంతన లేక తిట్లు తింది. హలో గేమ్స్ అనే ఆ చిన్న కంపెనీ ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇస్తూనే పోయింది. ఇప్పుడది జనం మెచ్చుకునే గేమ్. 2016 నాటి రివ్యూ చదివి దాన్ని వదిలేసినవాడు మోసపోయినట్టే. అందుకే గోడ మీద కాగితానికి తేదీ వేయమని మా తమ్ముణ్ని అడిగాను. ‘కాగితం పసుపు రంగులోకి వస్తే పాతదని తెలుస్తుందిగా అన్నయ్యా’ అన్నాడు. ఆ ఏసీ కింద అది నెలకే పసుపెక్కింది, కనుక వాడి లెక్కా తప్పు కాదు.

నిజానికి మా చిన్నప్పుడు రివ్యూ లేదు కానీ ఇలాంటి దిద్దుబాటు ఉండేది. సత్యనారాయణపురంలో మా వీధి మొత్తానికి ఒకటే టీవీ వీడియో గేమ్, అదీ జపాన్ మెషీన్‌కు నకలు. క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని ఉండేది, లోపల చూస్తే పాతికలోపు గేమ్‌లే పేర్లు మార్చుకుని తిరిగేవి. క్యాసెట్ అట్ట మీది బొమ్మను నమ్మొద్దని నాకు చెప్పింది ఏ పత్రికా కాదు, పక్కింటి అన్నయ్య. కాంట్రా అనే గేమ్‌లో పైపై, కిందకింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ నొక్కితే 30 ప్రాణాలొస్తాయని చెప్పిందీ ఆయనే. తర్వాత నెట్ సెంటర్ల రోజుల్లో వైస్ సిటీ అనే గేమ్. చీట్ కోడ్‌లు నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుని ఒకరికొకరం ఇచ్చుకునేవాళ్లం. ట్యాంకు కావాలంటే పాంజర్, ఒంట్లో సత్తువ నిండాలంటే ఆస్పిరిన్. ఆ రెండో కోడ్‌కు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో చివర ‘ఈ’ అక్షరం ఎక్కువ. అది వదిలేసి రాసుకున్నవాడు గేమ్ పాడైందని తిట్టుకునేవాడు, పక్క కుర్చీలోవాడు సరిచేసేవాడు. గోడ మీది కాగితంలో జరిగింది కూడా ఇదే, కాకపోతే పక్క కుర్చీవాడికి ఈసారి పెన్ను దొరికింది.

అలాగని ఆడేవాళ్ల మాటే వేదం అననూ లేను. కోపం వచ్చిన గుంపుకు అంకె చేతికిస్తే ఏమవుతుందో చూశాం. 2017లో స్నాప్‌చాట్ యాప్ మీద కోపంతో మనవాళ్లు కొందరు పేరు సరిగ్గా చూసుకోకుండా స్నాప్‌డీల్ అనే షాపింగ్ యాప్‌కు ఒక్క స్టార్ వేసేశారు! మరోవైపు 2024 మేలో ‘హెల్‌డైవర్స్ 2’ అనే గేమ్ గొడవ చూడండి. కంప్యూటర్‌లో ఆడేవాళ్లు కూడా ప్లేస్టేషన్ అకౌంట్ తెరిచి తీరాలని సోనీ అంది. ఆ అకౌంట్ తెరవడానికి వీల్లేని దేశాల్లోనూ గేమ్ అప్పటికే అమ్ముడైపోయింది. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో 2 లక్షలకు పైగా వ్యతిరేక రివ్యూలు పడ్డాయి, రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. రెండూ గుంపు కోపమే. రెండోదానిలో ఏం కావాలో స్పష్టంగా ఉంది, డబ్బు పెట్టి కొని ఆడినవాళ్ల కోపమది. స్టీమ్‌లో రివ్యూ పక్కన ఆ మనిషి ఎన్ని గంటలు ఆడాడో కనిపిస్తుంది. నాకు ఆ వ్యవస్థలో అన్నిటికంటే నచ్చేది అదే. మన సినిమా రివ్యూల పక్కన కూడా ‘ఎంతవరకు చూశాడు’ అని పడితే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది, సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

అసలు దెబ్బ కొట్టిన ప్రశ్న మాత్రం కాగితం మీద రాయలేదు. ఒక సాయంత్రం ఇంటర్ చదివే కొడుకును తీసుకెళ్లడానికి ఒకావిడ వచ్చారు. వాడి మ్యాచ్ అయ్యేదాకా నిలబడి నా రివ్యూ మొత్తం చదివారు. చదివి నావైపు తిరిగి, ‘ఇంత రాశారు బాబూ, దీనికి డబ్బులెంత పోతాయో రాయలేదేం?’ అన్నారు. ఇది ఒకసారి కొంటే చాలండీ అని చెప్పాను. ‘మావాడు ఫోన్లో ఆడేది ఫ్రీ అనే చెప్పాడు. పోయిన నెల నా అకౌంట్లోంచి పందొమ్మిది వందలు పోయాయి’ అన్నారు. కొడుకు హెడ్‌ఫోన్స్ తీయలేదు.

ఉచిత గేమ్ అనేదానికి రేటు ఉండదు, ఖర్చు ఉంటుంది. చాలావాటిలో రూపాయిలతో నేరుగా కొననివ్వరు, ముందు గేమ్ నాణేలు కొనాలి. అవి అమ్మే కట్టలకూ, కావాల్సిన వస్తువు ధరకూ చాలాసార్లు సరిపోదు. కొంత తక్కువ పడుతుంది, లేదా కొంత మిగిలిపోతుంది. మిగిలినదాన్ని వాడాలంటే ఇంకో కట్ట కొనాలి. అందులోనూ క్రేట్లు అనే పెట్టెలు కొని తెరిస్తే ఏమొస్తుందో ముందు తెలియదు. తుపాకీకి రంగు మారుతుంది తప్ప బలం పెరగదని కుర్రాళ్లు వాదిస్తారు. చాలా గేమ్‌ల విషయంలో నిజమే. కానీ స్క్వాడ్‌లో మిగతా ముగ్గురూ మెరిసే డ్రెస్సుల్లో ఉంటే నాలుగోవాడికి అది రంగు విషయంగా ఉండదు.

మన ఇళ్లలో ‘ఆన్‌లైన్ గేమ్’ అనే ఒక్క మాటకు రెండు అర్థాలున్నాయి, గందరగోళమంతా అక్కడే. రమ్మీలో డబ్బు పోగొట్టుకున్నవాడూ, ఫోన్లో బీజీఎంఐ అనే తుపాకీ యుద్ధాల గేమ్ ఆడేవాడూ ఒకే గాటన పడతారు. చట్టం మాత్రం విడదీసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందెంగా పెట్టే ఆన్‌లైన్ గేమ్‌లను దేశమంతటా నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను, అంటే వీడియో గేమ్ పోటీలను, గుర్తించింది. ఆవిడ అకౌంట్లోంచి పోయిన పందొమ్మిది వందలు పందెం కాదు, కొనుగోలు. ఆ నిషేధం కిందకు రాదు. కొన్నాళ్లు ఆగిపోయిన బీజీఎంఐ 2023 మేలో తిరిగొచ్చినప్పుడు 18 ఏళ్ల లోపు వాళ్లకు రోజుకు 3 గంటలని పరిమితి పెట్టారు, రోజువారీ ఖర్చుకూ హద్దు పెట్టారు. ఆ హద్దులు దాటడానికి వయసు దగ్గర ఏం చేస్తారో ఆ సెంటర్లో ఏ కుర్రాణ్నడిగినా చెబుతాడు. కాబట్టి ‘నెల ఆడితే చేతి నుంచి ఎంత పోతుంది’ అన్నది చెప్పాల్సింది రివ్యూ రాసేవాడే. నేను చెప్పలేదు. నాలుగు స్టార్లు వేశాను.

స్టార్లు మానేయాలా? మానేయడానికి నేను సిద్ధమే, కుర్రాళ్లు ఒప్పుకోలేదు. అంకె లేకపోతే చదవడం ఎక్కడ ఆపాలో తెలియదట. అంకె ఎంత మొండిదో 2010 నాటి ‘ఫాలౌట్ న్యూ వేగస్’ అనే గేమ్ చెబుతుంది. రివ్యూల మార్కులకు సగటు తీసే మెటాక్రిటిక్ సైట్‌లో 85 వస్తే తయారుచేసినవాళ్లకు బోనస్ అని ఒప్పందం, వచ్చింది 84. జపాన్ పత్రిక ఫమిట్సు పద్ధతి నాకు కాస్త నయమనిపిస్తుంది. ఒకే గేమ్‌కు నలుగురు విడివిడిగా పదికి మార్కులు వేస్తారు, నాలుగూ పక్కపక్కనే అచ్చవుతాయి. మొత్తం 40కి 40 మొదటిసారి వచ్చింది 1998లో, ఒక జెల్డా గేమ్‌కు. నలుగురిలో ఒకడు ఐదు, ఇంకొకడు తొమ్మిది వేస్తే అక్కడే ఏదో ఉందని పాఠకుడికి అర్థమవుతుంది. సగటు తీస్తే ఆ తేడా కాస్తా మాయం.

బ్రాడీపేటలో ఆ నలుగురు దొరకడం కష్టం కాలేదు. పాత కంప్యూటరున్న డిగ్రీ కుర్రాడొకడు, తక్కువ రేటు ఫోన్‌లో ఆడే ఇంటర్ కుర్రాడొకడు, మా తమ్ముడు, నేను. గుండుగాడి రహస్యం చెప్పింది ఆ ఇంటర్ కుర్రాడే. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడట, ఆ గేమ్ సొంతంగా ఒక్క గంట కూడా ఆడలేదు. గంటలు లెక్కపెట్టాలన్న నా సిద్ధాంతం అక్కడ కాస్త బీటలు వారింది.

రెండో కాగితం పోయిన ఆదివారం అంటించాం. స్టార్లు చివర్లోనే ఉన్నాయి, నాలుగు వరుసల్లో నాలుగు రకాలుగా. పై మూడు లైన్లూ కొత్తవి. ఆడిన మెషీన్ ఏది, పోయిన డబ్బెంత, ఆడిన గంటలెన్ని. నా పేరు ఎదురుగా 31 గంటలని వేశాను, కాస్త గర్వంగానే. బస్సెక్కి బెజవాడ చేరేసరికి తమ్ముడు కాగితం ఫొటో పంపాడు. 31 చుట్టూ సున్నా చుట్టి ఎవరో రాశారు, ‘ఉద్యోగం లేదా అన్నా?’