బిల్ట్-ఇన్ మైక్రోవేవ్ విల్లాల వాళ్ళకి కాదండీ, ఇరుకు వంటింటి వాళ్ళకి

మైక్రోవేవ్‌ని కబోర్డులో అమర్చుకుంటే బాగుంటుందని ఎవరితోనైనా అని చూడండి. "మనకెందుకండీ అవన్నీ, విల్లాలు కొన్నవాళ్ళ సరదాలు" అంటారు. ఇంటీరియర్ డిజైనర్లు కూడా దాన్ని అలాగే అమ్ముతారు. వాళ్ళు చూపించే త్రీడీ బొమ్మలో నల్లద్దం తలుపు తళతళలాడుతూ ఉంటుంది, పక్కనే ఒక పూలకుండీ, గట్టు మీద ఒక్క గిన్నె కూడా కనపడదు. ఆ వంటింట్లో ఎవరూ ఏనాడూ పప్పుకి పోపు పెట్టినట్టు ఉండదు.

నా వాదన దీనికి సరిగ్గా ఎదురు. పెద్ద వంటిల్లు ఉన్నవాళ్ళకి బిల్ట్-ఇన్ మైక్రోవేవ్ ఒక అలంకారం. ఉంటే ఉంది, లేకపోతే లేదు. దాని అవసరం నిజంగా ఎవరికంటే, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ కొనుక్కుని, బిల్డర్ దయతలచి ఇచ్చిన ఎనిమిదడుగుల వంటింట్లో రోజూ నలుగురికి వండిపెట్టేవాళ్ళకి.

టేపు పట్టుకుని కొలిచి చూడండి. మన గ్రానైట్ గట్టు లోతు రెండడుగులు. 28 లీటర్ల కన్వెక్షన్ మైక్రోవేవ్ (అంటే ఓవెన్‌లా వేడిగాలితో కేకులూ చేసేది) వెడల్పూ లోతూ రెండూ అటూఇటుగా 20 అంగుళాలు. గాలాడడానికి పక్కనా వెనకా కాస్త వదలాలి. అంటే గట్టు నిడివిలో రెండడుగులు నికరంగా పోయినట్టే. ఇక స్టవ్‌కి రెండున్నర అడుగులు, సింకు, దాని పక్కన గిన్నెలు ఆరబెట్టుకునే చోటు, మిక్సీ, గ్రైండర్, రైస్ కుక్కర్, నీళ్ళ ఫిల్టర్ కింద ఎప్పుడూ ఉండే బిందె. ఇవన్నీ పోగా కూరగాయలు తరుక్కోవడానికి ఎక్కడ చోటు? చాలా ఇళ్ళల్లో బెండకాయలు హాల్లో కూర్చుని తరగడం టీవీ సీరియల్ కోసం అనుకుంటాం. సగం కారణం గట్టు మీద చోటు లేకపోవడం.

"బిల్ట్-ఇన్ ఖరీదెక్కువ కదా" అంటారు. నిజమే. మామూలు మైక్రోవేవ్‌కి రెండింతలు సులువుగా అవుతుంది, కొన్ని బ్రాండ్లలో ఇంకా ఎక్కువే. కానీ ఫ్లాట్ చదరపు అడుగు ఏడువేలకి కొన్నామనుకోండి. గట్టు మీద రెండడుగుల లోతు, రెండడుగుల నిడివి, మొత్తం నాలుగు చదరపు అడుగులు. ఇరవై ఎనిమిది వేల రూపాయల చోటుని ఒక డబ్బాకి రాసిచ్చేశాం. ఆ లెక్క మాత్రం ఎవరూ వెయ్యరు!

గట్టు మీద కుదరకపోతే మనవాళ్ళు దాన్ని ఎక్కిస్తున్నది ఫ్రిజ్ మీదకి. ఇది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. డబుల్ డోర్ ఫ్రిజ్ ఎత్తే దాదాపు అయిదడుగులు ఉంటుంది. దాని మీద మైక్రోవేవ్, దాని మీద బ్రెడ్ ప్యాకెట్టు, మందుల కవరు. అయిదడుగుల మనిషి మునివేళ్ళ మీద లేచి, లోపలున్న సాంబారు గిన్నె కనపడక, తడుముకుంటూ బయటికి లాగుతుంది. గిన్నె కాస్త వంగిందంటే మరిగే సాంబారు మొహం మీదకే. ఇంట్లో అత్తగారికో అమ్మకో భుజం నొప్పి ఉంటే ఇక ఆ మైక్రోవేవ్ వాళ్ళకి లేనట్టే, పాలు వెచ్చబెట్టుకోవాలన్నా ఎవరో ఒకరిని పిలవాలి.

ఈ యంత్రం పుట్టినప్పుడు కూడా ఎక్కడ పెట్టాలన్నదే గొడవ. రెండో ప్రపంచ యుద్ధం నాటి రాడార్ పనిలోంచి వచ్చిందిది. అమెరికాలో రేథియాన్ కంపెనీ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్, రాడార్‌లో వాడే మాగ్నెట్రాన్ (మైక్రోవేవ్ తరంగాలు పుట్టించే గొట్టం) దగ్గర నిలబడితే జేబులో చాక్లెట్ కరిగిపోయిందని చెబుతారు. 1947లో ఆ కంపెనీ తెచ్చిన మొదటి మైక్రోవేవ్ మనిషెత్తు, బరువు 340 కిలోలు. గట్టు మీద పట్టే సైజుకి దిగి ఇళ్ళల్లో అమ్ముడవడం మొదలయ్యేసరికి 1967 వచ్చింది. గట్టు ఎక్కడానికే ఇరవయ్యేళ్ళు పట్టింది. మన గట్లు దిగడానికి ఇంకెన్నేళ్ళు పడుతుందో!

సరే, దింపి ఎక్కడ పెట్టాలి? టాల్ యూనిట్, అంటే నేల నుంచి పైదాకా నిలువుగా ఉండే కబోర్డు అయితే మేలు. ఫ్రిజ్ పక్కన రెండడుగుల వెడల్పు దొరికితే కింద బియ్యం డబ్బా, పప్పుల డ్రాయర్లు, మధ్యలో మైక్రోవేవ్, పైన పండగలకి తీసే పెద్ద గిన్నెలు. నేల మీద అది తినే చోటుకి పైనుంచి కింద దాకా పని జరుగుతుంది. అంత చోటు లేకపోతే గట్టు పైన గోడ కబోర్డుల వరసలో అమర్చుకోవచ్చు. 20 లీటర్ల బిల్ట్-ఇన్ మోడళ్ళలో కొన్ని అడుగు లోతు కబోర్డులో పట్టేస్తాయి. ఇక్కడే ఒక తిరకాసు. పై కబోర్డులు సాధారణంగా నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో మొదలవుతాయి. అయిదడుగుల రెండంగుళాల మనిషికి అది భుజం కంటే పైన. కాబట్టి ఆ ఒక్క గడిని మాత్రం నాలుగడుగులకి దించమని చెప్పండి. వరస తప్పుతుంది, అందం పోతుందని డిజైనర్ గునుస్తాడు. గునవనివ్వండి, సాంబారు గిన్నె దించేది ఆయన కాదు.

ఎత్తు ఖాయం చేసేముందు ఇంట్లో ఎక్కువగా వాడే మనిషిని ఖాళీ గోడ దగ్గర నిలబెట్టి, మోచేయి ఎక్కడుందో భుజం ఎక్కడుందో పెన్సిల్‌తో గీత గియ్యండి. గిన్నె బయటికి తీసే చోటు ఆ రెంటికీ మధ్య రావాలి. వాడే మనిషి వంటమనిషే అయితే ఆవిడ ఎత్తుకే గియ్యండి.

ఇంకోటి, తలుపు. మన మార్కెట్లో దాదాపు అన్ని మైక్రోవేవ్‌ల తలుపూ ఎడమవైపుకే తెరుచుకుంటుంది. కాబట్టి వేడి గిన్నె దించే చోటు కుడిపక్కన ఉండాలి. టాల్ యూనిట్‌ని గట్టుకి కుడిచివర పెట్టారనుకోండి, తెరిచిన తలుపు మీకూ గట్టుకీ మధ్య అడ్డుగోడలా నిలబడుతుంది. కాలే గిన్నె చేత్తో పట్టుకుని తలుపు చుట్టూ ప్రదక్షిణ చెయ్యాలి. కిందికి తెరుచుకునే తలుపులున్నవీ ఉన్నాయి కానీ ధర పెరుగుతుంది. ఏ వైపు గట్టు ఉందన్న ఒక్క ప్రశ్న ముందే వేసుకుంటే ఆ ఖర్చు ఉండదు. వాస్తు ప్రకారం పొయ్యి ఆగ్నేయంలో ఉండాలి కాబట్టి ఇదీ అక్కడే ఉండాలనేవాళ్ళు ఉంటారు. పెట్టుకోండి, తలుపు ఎటు తెరుచుకుంటుందో మాత్రం చూసుకోండి.

ఇక అసలు కోపం. "బిల్ట్-ఇన్ ఎందుకు మేడం, మీ మామూలుదే తెచ్చివ్వండి, కొలతకి గడి కొట్టి లోపల తోసేస్తాం, సేమ్ లుక్ వస్తుంది." ఈ మాట చెప్పని కార్పెంటర్ లేడు. లుక్ వస్తుంది, నిజమే. లోపల ఏం జరుగుతుందో వినండి. మైక్రోవేవ్ 1,300 వాట్ల కరెంటు లాగి తిండికి 800 వాట్లు అందిస్తుందనుకుంటే, మిగతా 500 చాలావరకు వేడిగా మారుతుంది. ఆ వేడిని ఫ్యాను బయటికి తోస్తేనే మాగ్నెట్రాన్ బతుకుతుంది. మామూలు మోడల్ వేడిగాలిని వెనకనుంచో పక్కలనుంచో వదులుతుంది, అందుకే పైనా వెనకా ఇంత ఖాళీ వదలమని మాన్యువల్లో రాసి ఉంటుంది. దాన్ని మూడువైపులా ప్లైవుడ్ బిగించిన గడిలోకి తోస్తే అదే వేడిగాలిని మళ్ళీ మళ్ళీ పీల్చుకుంటుంది. మధ్యలో ఆగిపోతుంది, కొన్నాళ్ళకి అసలే పనిచెయ్యదు. కన్వెక్షన్ పెట్టి కేకు చేస్తే ఇంకా ఘోరం, పక్కన లామినేట్ లేచిపోతుంది. వారంటీకి వెళితే "మాన్యువల్ ప్రకారం ఖాళీ వదల్లేదు" అంటారు, వాళ్ళు అన్నదాంట్లో తప్పూ లేదు.

బిల్ట్-ఇన్ మోడల్‌కి గాలి ఎటునుంచి పోవాలి, ఎటునుంచి రావాలి అన్నది కబోర్డుని దృష్టిలో పెట్టుకునే డిజైన్ చేస్తారు. దానికీ వెనక ఖాళీ కావాలి, ఎంత కావాలో మిల్లీమీటర్లతో సహా డ్రాయింగ్ ఇస్తారు. ఆ కాగితం కార్పెంటర్ చేతిలో పెట్టండి, వాట్సాప్‌లో పంపితే చూడడు. మామూలు మోడళ్ళలో కొన్నింటికి కంపెనీయే ట్రిమ్ కిట్ అని ఒక ఫ్రేము అమ్ముతుంది. అది ఉంటే సరే. లేకపోతే ఆ డబ్బాని గట్టు మీదే ఉంచండి.

ప్లగ్ పాయింట్ సంగతి త్వరగా చెప్పేస్తాను. 16 యాంప్స్ ఉండాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. మిక్సీ కోసం పెట్టిన 6 యాంప్స్ పాయింటు మన 230 వోల్టుల మీద 1,400 వాట్లు కూడా మొయ్యదు, కన్వెక్షన్ మోడల్ అంతకంటే ఎక్కువే లాగుతుంది. పాయింటుని మైక్రోవేవ్ వెనక పెట్టించకండి, పక్క కబోర్డులో పెట్టించండి. రిపేరొచ్చినప్పుడు యూనిట్ ఊడదీస్తే తప్ప ప్లగ్ తియ్యలేని పరిస్థితి రాకూడదు. ఇవన్నీ టైల్స్ వెయ్యకముందు తేలాల్సినవి. వుడ్‌వర్క్ అయిపోయాక ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఆయన ముందు గోడ వంక చూస్తాడు, తర్వాత మీ వంక చూస్తాడు.

శుభ్రం గురించి కూడా చెప్పాలి. మన వంట పోపుల వంట. గట్టు మీదున్న మైక్రోవేవ్ వెనక ఏడాదికోసారి లాగి చూస్తే నూనె జిడ్డు, దానికంటుకున్న దుమ్ము, అందులో బొద్దింకల కాపురం. వెచ్చగా ఉంటుంది కాబట్టి వాటికి ఆ చోటు మహా ఇష్టం. బిల్ట్-ఇన్‌లో ముందు ఫ్రేము మూసుకుని ఉంటుంది కాబట్టి తుడవాల్సింది ఒక్క అద్దమే. అలాగని బొద్దింకలు రావని కాదు. గాలి కోసం వదిలిన ఖాళీ మూయకూడదు కానీ, వైర్ల కోసం కొట్టిన కన్నాల చుట్టూ సందులు పూడిస్తే చాలావరకు ఆగుతాయి.

అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళు చూసినవాళ్ళు వెంటనే "స్టవ్ పైన పెట్టించుకుంటే పోలా" అంటారు. డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ అపార్ట్‌మెంట్లలో స్టవ్ పైనే మైక్రోవేవ్ వేలాడుతుంది, చిమ్నీ పనీ అదే చెయ్యాలి. చాలాచోట్ల అది పొగని బయటికి పంపదు, ఫిల్టర్‌లోంచి లాగి మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది. ఎండుమిరపకాయల పోపు వేస్తే స్మోక్ అలారం మోగే ఇళ్ళవి. ఆ పద్ధతి ఇక్కడికి తేవద్దు. చిమ్నీని చిమ్నీ పని చెయ్యనివ్వండి.

చేతికి అందే ఎత్తులో, గట్టుకి అడ్డం లేకుండా ఉంటే వాడకమే మారిపోతుంది. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో అది నిన్నటి కూర వెచ్చబెట్టే పెట్టె. అందుబాటులో ఉంటే పచ్చడికి పల్లీలు వేయించడం, నూనె లేకుండా అప్పడాలు కాల్చడం, వేపుడు కోసం బంగాళాదుంపలు ముందే ఉడకబెట్టడం, ఉప్మారవ్వ వేయించడం, వెల్లుల్లి పొట్టు సులువుగా రావడానికి ఓ ఇరవై సెకన్లు తిప్పడం, అన్నీ అలవాటైపోతాయి. అప్పుడు ఎండలకాలంలో స్టవ్ దగ్గర నిలబడే సమయం తగ్గుతుంది. మే నెలలో విజయవాడ వంటింట్లో నిలబడ్డవాళ్ళకి దీని విలువ నేను చెప్పక్కర్లేదు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు దీని జోలికి పోవద్దు, ఇల్లు మారినప్పుడు గడి మీతో రాదు. పన్నెండడుగుల గట్టున్నవాళ్ళూ, టీ వెచ్చబెట్టుకోవడానికి తప్ప వాడనివాళ్ళూ ఆ డబ్బు దాచుకోండి. ఒకసారి గడి కొట్టించాక దాన్ని మార్చడం కష్టమని కూడా తెలుసుకోండి. పాతది పోతే కొత్తది అదే కొలతలో దొరకాలి. అందుకే ఎవరూ చెయ్యని చిత్రమైన సైజు కాకుండా, రెండడుగుల కబోర్డుకి సరిపోయే మామూలు కొలత ఎంచుకోండి. ముందు మోడల్ ఖాయం చేసుకుని తర్వాతే గడి కొట్టించండి.

ఏ బ్రాండ్ కొనాలో మాత్రం నేను చెప్పను. మీ ఊళ్ళో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి. కబోర్డులోంచి యూనిట్ తీసి, రిపేరు చేసి, మళ్ళీ బిగించేది మీ మనిషేనా? దానికి వేరే డబ్బు తీసుకుంటారా? ఈ రెంటికీ తడబడకుండా జవాబు చెప్పిన కంపెనీది కొనండి.