పరిశోధన డేటాబేసు గారికి, గ్రంథాలయం మెట్ల మీది నుంచి

పరిశోధన వ్యాసాల భాండాగారమైన మహారాజశ్రీ పరిశోధన డేటాబేసు గారి దివ్యసముఖానికి,

హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో తెలుగు పత్రికల చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి నమస్కరించి వ్రాసుకొనునది. గ్రంథాలయం మూసేసిన తరువాత దాని మెట్ల మీద కూర్చుని, ఒక చేత్తో దోమలు తోలుకుంటూ ఈ లేఖ వ్రాస్తున్నాను. లోపలి వైఫై ఇక్కడి దాకా అందుతుంది కనుక తమరు నన్ను ఇంకా గుర్తుపడుతున్నారు.

తమరి జ్ఞాపకశక్తిని లోకం గొప్పగా చెప్పుకుంటుంది గానీ, తమరు మనిషిని కాక మనిషి కూర్చున్న చోటును గుర్తుపడతారని నాకు ఆలస్యంగా తెలిసింది. విశ్వవిద్యాలయం ఐపీ చిరునామాల (అంటే ఇక్కడి ఇంటర్నెట్ గుర్తింపు సంఖ్యల) పరిధిలో ఉన్నంతసేపూ నేను తమకు విద్వాంసుణ్ణి. గేటు దాటి సిటీ బస్సు ఎక్కానంటే, అదే ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, అదే వ్యాసం సగం చదివి ఉన్నా సరే, ఆ మిగతా సగానికి ముప్పై డాలర్లు చెల్లించవలసిన దారినపోయే దానయ్యను. ఇంటి నుంచి రావడానికి వేరే దారి ఉన్నదని తమరే ఒక జాబితా చూపిస్తారు. అందులో దేశాన్ని వెతికి, సంస్థను వెతికి, పాస్‌వర్డు సమర్పించుకున్న తరువాత, పిలవని పేరంటానికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూసి మళ్లీ మొదటి పేజీకే సాగనంపుతారు. పాఠకుడి సమయాన్ని ఆదా చేయమన్నది 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ గారు ప్రకటించిన గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది. అది తమరి దృష్టికి వచ్చినట్టు లేదు. బహుశా డబ్బు కడితేనే తెరుచుకునే పేజీలో ఉండిపోయిందేమో.

తమరి బంధువులైన ప్రచురణకర్తలకు మర్యాదల్లో ఈ దేశం లోటు చేయలేదు. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించి, 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 పరిశోధన పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతాయన్నారు, సంతోషమే. అయితే వ్యాసం వ్రాసిన ఆచార్యుడికి గానీ, దాన్ని పరిశీలించి తప్పులు దిద్దిన మరో ఆచార్యుడికి గానీ ఆ పత్రికలు సాధారణంగా పైసా ఇవ్వవు. పాలూ పంచదారా మనమే తెచ్చి, చాయ్ మనమే కాచి, చివరకు కౌంటరు దగ్గర బిల్లు కూడా మనమే కట్టే ఇరానీ హోటలును ఈ ఊళ్లో నేనింతవరకు చూడలేదు. ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెప్పే నా మిత్రుడు ఆ పథకం లెక్కలోకి రాడు కనుక, ఘట్‌కేసర్ నుంచి ఫోను చేసి "ఆ ఒక్క వ్యాసం దింపి పంపరాదే అన్నా" అని బతిమాలుతుంటాడు. పంపానో లేదో ఇక్కడ వ్రాయను; తమరి లైసెన్సు షరతులు నేను చదివాను.

ఇక అసలు ఫిర్యాదు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు హైదరాబాదులో ప్రారంభించిన 'గోలకొండ' పత్రిక నా పరిశోధన విషయం. ఆ పేరును తెలుగు లిపిలో ఇచ్చి వెతికితే ఫలితాలు సున్నా అన్నారు. ఆంగ్ల లిపిలో 'సి'తో ఒకసారి, 'కె'తో ఒకసారి, నడుమ ఒక 'ఎ' ఇరికించి మరొకసారి అడిగాను. కుతుబ్‌షాహీలు వచ్చారు, వజ్రాలు వచ్చాయి, 1687 నాటి ఔరంగజేబు ముట్టడి కూడా వచ్చింది. పత్రిక మాత్రం రాలేదు.

ఈ సున్నా మా ఊరికి కొత్త కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాస్తే, దానికి జవాబుగా ప్రతాపరెడ్డి గారు 354 మంది కవుల రచనలు సేకరించి, 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను అచ్చువేసి లోకం చేతిలో పెట్టారు. ఆ సంచిక పేరు కూడా తమరిని అడిగాను. తొంభై యేళ్ల తరువాత తమరు ఆ పండితుడి మాటనే ఎంతో వినయంగా నాకు వినిపించి, పైగా అక్షరదోషం ఉన్నదేమో సరిచూసుకొమ్మని సలహా కూడా ఇచ్చారు.

మరునాడు సుల్తాన్‌బజారు వెళ్లి, 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో ఒక బల్ల ముందు కూర్చున్నాను. పాత కాగితాల దుమ్ముకు తుమ్ములు తప్పలేదు గానీ, నా ఐపీ చిరునామా ఎవరూ అడగలేదు.

కాపలా తాత గేటు వేస్తానంటూ ఇటే వస్తున్నాడు. చీకట్లో కూడా నన్ను పేరు పెట్టి పిలిచాడు. తమరి దగ్గర ముప్పై ఎనిమిది పేజీల వ్యాసం ఒకటి పన్నెండో పేజీ దగ్గర తెరిచి ఉంది. నేను బస్టాపు చేరేదాకానైనా దాన్ని మూయవద్దని ప్రార్థన.

ఇట్లు,
తమ అధీకృత వినియోగదారుడు
(మెట్లు దిగే వరకు)