పళ్ళు రాని నోటికి ముక్క పెట్టకూడదట!

పసిపిల్లల తల్లుల ఫోన్లలో ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. అది చెప్పేది క్లుప్తంగా ఇదీ: పళ్ళన్నీ వచ్చేదాకా బిడ్డ చేతికి పండైనా కూరగాయైనా ముక్కగా ఇవ్వకూడదు. ఏది పెట్టినా మిక్సీలో మెత్తగా తిప్పి చెంచాతోనే పెట్టాలి. బిడ్డ ఓకరించిందంటే గొంతుకు అడ్డం పడినట్టే, వెంటనే వేలు పెట్టి తీసేయాలి. చేతికిస్తే సగం నేలపాలవుతుంది, కడుపు నిండదు. చివర్లో ఒక వెసులుబాటు కూడా ఇచ్చారు: చిగుళ్ళు దురద పెడుతుంటే పచ్చి క్యారెట్ ముక్క కొరకనివ్వవచ్చట.

మా పాపకు ఏడో నెల వచ్చిన వారంలోనే ఇది నాకు ముగ్గురి దగ్గర నుంచి వచ్చింది. ముగ్గురూ ప్రేమ కొద్దీ పంపినవాళ్ళే. అందుకే నవ్వి ఊరుకోలేకపోయాను.

ముందు పళ్ళ సంగతి చూద్దాం. మొదట మొలిచేవి ముందు పళ్ళు. అవి కొరకడానికి పనికొస్తాయి కానీ నమలడానికి కాదు. నమిలే దవడ పళ్ళు వచ్చేది ఏడాది దాటాకే. ఇరవై పాలపళ్ళూ పూర్తయ్యేసరికి దాదాపు మూడేళ్ళు పడుతుంది. ఈ లెక్కన రెండేళ్ళు దాటి పరుగులు తీసే పిల్లకు కూడా గుజ్జే పెట్టాలన్నమాట! మెత్తటి ముక్కను చిదమడానికి చిగుళ్ళు చాలు. చిగుళ్ళ బలం మీద అనుమానం ఉంటే చేతులు కడుక్కుని బిడ్డ నోట్లో వేలు పెట్టి చూడండి, తెలిసొస్తుంది. ఆరు నెలలు నిండాక పాలతో పాటు ఇతర ఆహారం మొదలుపెట్టాలనీ, ఎనిమిది నెలలకల్లా చాలామంది పిల్లలు చేత్తో పట్టుకుని తినగలరనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చూడాల్సింది పళ్ళను కాదు, బిడ్డ మెడ నిలిపి కూర్చుంటోందా, వస్తువును పట్టుకుని నోటిదాకా తెచ్చుకోగలుగుతోందా అన్నది.

అన్నీ మెత్తగా తిప్పి పెట్టడమే క్షేమం అన్నది రెండో మాట. గుజ్జు నాలుక మీద నుంచి నేరుగా గొంతులోకి జారిపోతుంది. ముక్కను మాత్రం నాలుక పక్కకు నెట్టాలి, దవడ చిదమాలి, మళ్ళీ నాలుక మధ్యకు చేర్చాలి. ఇది చేస్తూ చేస్తూ నేర్చుకునే పని. ఇంగ్లండులో 1990ల తొలినాళ్ళలో పుట్టిన వేలాది పిల్లలను ఏళ్ళ తరబడి గమనించారు. తొమ్మిది నెలలు దాటాక గానీ పలుకులున్న ఆహారం రుచి చూడని పిల్లల్లో తిండి దగ్గర పేచీలు ఏడేళ్ళ వయసులోనూ ఎక్కువగానే కనిపించాయి. ఆలస్యమే కారణమని దీంతో తేలిపోదు. అయినా పళ్ళన్నీ వచ్చేదాకా ఆగమనడానికి మాత్రం ఇది ఆసరా కాదు.

అసలు ప్రమాదం మూడో మాటలో ఉంది. ఓకరించడం, గొంతుకు అడ్డం పడటం ఒకటి కాదు. పెద్దవాళ్ళకు ఓకరింత పుట్టించే చోటు నాలుక వెనుక ఉంటే, ఆరు నెలల బిడ్డకు ఇంకా ముందుకే ఉంటుంది. ముక్క అక్కడికి తగలగానే నాలుక బయటికి వస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, దగ్గు వస్తుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, ముక్క ముందుకు వచ్చేస్తుంది. మరుక్షణం ఆ ముక్కనే మళ్ళీ నోట్లో పెట్టుకుంటుంది, చూస్తున్న మనకే చెమటలు పడతాయి. ఊపిరికి అడ్డుపడినప్పుడు శబ్దం ఉండదు. ఏడవలేదు, దగ్గలేదు, పెదవులు నీలమవుతాయి. చప్పుడు చేస్తున్న బిడ్డకు గాలి ఆడుతోందని అర్థం. అప్పుడు కనబడని ముక్క కోసం వేలు పెట్టి వెతికితే దాన్ని ఇంకా లోపలికి తోసినవాళ్ళమవుతాం. నిజంగా ఊపిరి ఆడకపోతే ఏడాదిలోపు బిడ్డను తల కిందికి ఉండేలా ముంజేతిపై బోర్లా పడుకోబెట్టి, రెండు భుజాల ఎముకల మధ్య ఐదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఐదు నొక్కులు. అడ్డు తొలగేదాకా ఇలా మార్చి మార్చి చేయాలి, పక్కనున్నవాళ్ళు అంబులెన్సుకు ఫోన్ చేయాలి. ఇది చదివి నేర్చుకునే విద్య కాదు, శిక్షణ ఉన్నవాళ్ళ దగ్గర బొమ్మ మీద చేసి చూడాలి.

న్యూజీలాండ్‌లో 206 మంది పిల్లల మీద చేసి 2016లో ప్రకటించిన పరిశీలనలో, ఏ ముక్కలు ఇవ్వకూడదో తల్లిదండ్రులకు ముందే నేర్పి, పిల్లల్ని చేత్తో తిననిచ్చారు. మామూలు పద్ధతిలో తిన్న పిల్లలకన్నా వీళ్ళకు అడ్డుపడటం ఎక్కువేమీ కాలేదు. ఆరో నెలలో వీళ్ళు ఎక్కువగా ఓకరించారు, ఎనిమిదో నెలకు తక్కువగా. నోరు నేర్చుకుంటోందనడానికి ఇంకేం కావాలి?

నేలపాలు అవుతుందన్నది నిజమే, అవుతుంది. కింద గుడ్డ పరచండి. ఈ వయసులో ఆకలి తీర్చేది ఇంకా ప్రధానంగా పాలే. చేతికి ముక్క ఇచ్చినంత మాత్రాన చెంచా పక్కన పెట్టమని ఎవరూ అనలేదు.

ఇక పచ్చి క్యారెట్. మెత్తటి అరటిపండు ముక్క కూడా వద్దని, పచ్చి క్యారెట్ ఇమ్మన్న సందేశాన్ని ఏమనాలి? చిగుళ్ళతో గట్టిగా కొరికితే పచ్చి క్యారెట్ పుటుక్కున విరుగుతుంది, విరిగిన ముక్క చిదగదు. పచ్చి ఆపిల్ ముక్కదీ అదే తీరు. పలుకు పలుకుగా ఉండే గింజలు, గుండ్రటి ద్రాక్ష, గట్టి మిఠాయి కూడా భయపడాల్సినవే. ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. ముక్క బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే నలగాలి, నలగకపోతే అది బిడ్డది కాదు. ఆరేడు నెలల్లో గుప్పిటతో పట్టుకుంటారు కాబట్టి ముక్క వేలంత పొడవుండాలి, గుప్పిట దాటి కొంచెం బయటికి రావాలి. అరటిపండు జారిపోతుంటే తొక్కను సగం దాకానే ఒలిచి, మిగతాది పిడిలా వదిలేయండి, తొక్కను మాత్రం బాగా కడగండి. తొమ్మిది, పది నెలలకు రెండు వేళ్ళతో ఏరుకోవడం వస్తుంది, అప్పుడు చిన్న ముక్కలు. ఎప్పుడైనా నిటారుగా కూర్చోబెట్టే పెట్టాలి, పక్కనుంచి కదలకూడదు.

సందేశం పంపిన ముగ్గురిలో ఒకావిడకు ఈ క్యారెట్ సంగతి చెబుదామని ఫోన్ చేశాను. ఒక్క నిమిషం ఉండమని లైన్లోనే ఉంచి వెళ్ళారు. మనవడి చేతిలోంచి లాక్కున్నట్టున్నారు, వాడి ఏడుపు నాకు వినబడింది.