మా బావ కొన్న పర్యావరణం

పొద్దున ఏడున్నరకి మా బావ పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉండే కొత్త హైబ్రిడ్ కారు తెచ్చి సరిగ్గా ముగ్గు మీదికి ఎక్కించాడు. మా ఆవిడ అరగంట వంగి వేసిన ముగ్గు. దాని మాటే లేదు. దిగీ దిగగానే నా వంద సీసీ బండి వైపు చూసి, "ఏం బామ్మర్దీ, ఇంకా ఈ పొగబండేనా? కాస్త పర్యావరణం గురించి ఆలోచించబ్బా" అన్నాడు. అక్క ముందు నోరు మూసుకున్నా. ఇక్కడ మూసుకోను.

నా పొగబండి లీటరుకి 55 ఇస్తుంది. ఆయన ఏడు సీట్ల ఏనుగు ఊళ్లో 17 దాటట్లేదని అక్కే చెప్పింది. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మీటర్లో పచ్చటి ఆకు బొమ్మ వెలిగిందని మొహమాటపడి తగ్గదు.

హైబ్రిడ్ దండగ అనట్లేదు నేను. మా తిరుపతి లీలామహల్ సర్కిల్లో ఆగి ఆగి కదిలేటప్పుడు ఇంజను ఆగిపోయి మోటారు లాగుతుంది, బ్రేకు వేస్తే ఊరికే పోయే శక్తి బ్యాటరీలోకి పోతుంది. రోజంతా తిరిగే ట్యాక్సీ అన్నలకి బంగారం. మా బావ తిరిగేదెంత? కొర్లగుంట నుంచి గాంధీ రోడ్డులో అంగడికి, మళ్లీ ఇంటికి. పెళ్లిళ్లూ పేరంటాలూ కలిపినా ఏడాదికి 5,000 కిలోమీటర్లు. మామూలు పెట్రోలు మోడల్ 12 ఇస్తుందనుకోండి, ఏడాదికి మిగిలేది 120 లీటర్ల చిల్లర. లీటరు 110 లెక్కన పదమూడున్నర వేలు. హైబ్రిడ్ అని అదనంగా పోసింది నాలుగు లక్షలు. ముప్పై ఏళ్లకి గిట్టుబాటు. అప్పటికి ఆ స్టీరింగు మనవడు పట్టుకోవాలి.

పైగా ఇంత పెద్ద హైబ్రిడ్‌కి జీఎస్టీ 40 శాతం, పూర్తి కరెంటు కారుకి 5. దీని పచ్చదనం మీద ప్రభుత్వానికే నమ్మకం లేదు, మా బావకుంది.

తిరుమల ఘాట్ దిగేటప్పుడు ఫ్రీగా ఛార్జింగ్ అవుతుందంట. అవుతుంది సామీ. ఎక్కేటప్పుడు తాగిన పెట్రోలు ఎవరిది? బ్యాటరీ చిన్నది, కొండ పెద్దది. సగంలోనే నిండిపోతే ఇక ఇంజనే బండిని బిగపట్టుకోవాలి. అదే కొండకి మా అమ్మ ఆర్టీసీ కరెంటు బస్సులో పోయొచ్చింది. పొగ లేదు, ఉపన్యాసమూ లేదు.

అమ్మ అంటే గుర్తొచ్చింది. అంతకుముందు బావకి డీజిల్ బండి ఉన్నప్పుడు, కాణిపాకం తీసుకుపొమ్మని ఆమె నోరు తెరిచి అడిగింది. డెబ్బై కిలోమీటర్లు. "ఒక్క మనిషి కోసం అంత డీజిలా అత్తా" అన్నాడు. అదే నోటితో ఇప్పుడు ఏడు సీట్లలో ఒక్కడే కూర్చుని అంగడికి పోతున్నాడు. ఆ రోజు అమ్మ చిత్తూరు బస్సులో నిలబడి పోయింది. నేను మర్చిపోలేదు బావా.

అసలు కడుపు మండేది ఇంకోటుంది. ఈ బండి లోపలికి పట్టట్లేదని వాళ్ల గేటు వెడల్పు చేయించాడు. గేటుకి అడ్డమని కానుగ చెట్టు కొట్టించాడు. అక్క ఇంట్లో అడుగుపెట్టిన ఏడాది మా నాన్న నాటిన చెట్టు. వీధిలో కూరగాయల బండి ఆమె మధ్యాహ్నం దాని కిందే కూర్చునేది. ఒక్క పూటలో రంపం పెట్టి కోసి, మొదలు మీద సిమెంటు పోయించాడు. పర్యావరణం కారుకి దారి కావాలి కదా!

ఇప్పుడు తిరుపతి ఎండకి ఆ బండి పెనంలా కాలుతోంది. ఎక్కే ముందు పది నిమిషాలు ఏసీ వేసి పెడుతున్నాడు. ఇంతకీ పొద్దున్నే మా ఇంటికి ఎందుకొచ్చాడో తెలుసా? "మీ వేపచెట్టు నీడ బాగుంది, రెండు రోజులు ఇక్కడే పెడతా" అని చెప్పడానికి.

పెట్టాడు. తాళం తీసుకుని ఆటోలో పోయాడు.

మా వేపచెట్టు మీద కాకులు చాలా. ఇందాకే మేడెక్కి వాటికి కడుపు నిండా అన్నం పెట్టి వచ్చాను.