టూల్ కంటే ముందు సమస్య పేరు దొరకాలి

ఒకే సంస్థ పేరు పాతిక రకాలుగా టైప్ చేసి ఉన్న స్ప్రెడ్‌షీట్ ఒకటి నా చేతికొచ్చింది. ఒకచోట చుక్కలు, ఒకచోట అదనంగా స్పేస్, ఇంకోచోట పదాలు ముందు వెనకలు. ‘ఎక్సెల్‌లో పేర్లు సరిచేయడం ఎలా’ అని నెట్‌లో వెతికితే ఫార్ములాలు దొరికాయి. వాటితో నాలుగు రోజులు కుస్తీ పట్టాను. ఐదో రోజు పక్క సీట్లో పనిచేసే ఆవిడ నా స్క్రీన్ చూసి, ‘‘ఇలా ఒకటే అయిన పేర్లని గుంపులుగా చేర్చడాన్ని క్లస్టరింగ్ అంటారండీ. ఓపెన్‌రిఫైన్‌లో ఉంటుంది, వేసి చూడండి’’ అన్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకి పని అయిపోయింది.

గజిబిజి డేటాని శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్ కొత్తదేమీ కాదు. 2010లో ఫ్రీబేస్ గ్రిడ్‌వర్క్స్‌గా మొదలై, గూగుల్ చేతికి వెళ్లి గూగుల్ రిఫైన్ అయింది. 2012లో ఇప్పటి పేరు వచ్చింది. ఉచితంగానే దొరుకుతుంది. అందులోని ఫింగర్‌ప్రింట్ పద్ధతి గురించి వింటే ఇంతేనా అనిపిస్తుంది. ప్రతి పేరునీ చిన్న అక్షరాల్లోకి మార్చి, విరామ చిహ్నాలు తీసేసి, పదాలు విడగొట్టి, రెండోసారి వచ్చినవి వదిలేసి, అక్షర క్రమంలో పేర్చి మళ్లీ కలుపుతుంది. అలా వచ్చిన మాట (దాన్నే కీ అంటారు) రెండు పేర్లకి ఒకటే అయితే వాటిని ఒక గుంపుగా చూపిస్తుంది. కలపాలో వద్దో మనం చూసుకుని చెప్పాలి. ఇంత మామూలు ఆలోచన నాకు తట్టలేదే అని చాలా రోజులు బాధపడ్డాను.

నాకు టూల్ తెలియకపోవడం ఒక ఎత్తు. నా సమస్యకి అప్పటికే ఒక పేరుందని తెలియకపోవడం ఇంకో ఎత్తు, నాలుగు రోజులు పోయింది దానివల్లే. డెవలపర్లు, డేటా మీద ఆసక్తి ఉన్నవాళ్లు మంచి టూల్స్‌ని ఎక్కువగా చేజార్చుకునేది ఇక్కడే అని నా నమ్మకం. ‘తప్పక వాడాల్సిన 50 టూల్స్’ లాంటి జాబితాలతో ఈ లోటు తీరదు. చదివిన రోజు ఆ సమస్యలు మనకి ఉండవు, అవి వచ్చేనాటికి జాబితా గుర్తుండదు.

పేరు చూసి పని ఊహిద్దామన్నా కుదరదు. ఫైళ్లలో మాటలు వెతికే టూల్ ‘గ్రెప్’ పేరు పాత ఎడిటర్‌లోని ఒక కమాండ్ నుంచి పుట్టింది. టెక్స్ట్‌ని వరుసల వారీగా విడదీసి పనిచేసే ‘ఆక్’ పేరు 1977లో దాన్ని రాసిన ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ ఇబ్బంది కోసమే ‘అప్రోపో’ అనే కమాండ్ ఉంది. మాట ఇస్తే, వివరణలో ఆ మాట ఉన్న టూల్స్ అన్నీ చూపిస్తుంది. కానీ ఇవ్వడానికి సరైన మాట మన దగ్గర ఉండాలి కదా.

కోడ్‌లో చేసిన మార్పులన్నీ నమోదు చేసే గిట్ సంగతే చూడండి. 2005 నుంచి ఉంది, రోజూ వాడతాం. నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ ఆగిపోతే, ఏ కమిట్‌లో (నమోదైన మార్పులో) చెడిందో తెలుసుకోవడానికి ఒక్కొక్కటీ తెరిచి చూస్తూ టెన్షన్ పడేవాళ్లని ఎంతోమందిని చూశాను. ‘గిట్ బైసెక్ట్’ అదే పని కోసం ఉంది. సగానికి సగం తగ్గిస్తూ పోతుంది కాబట్టి వెయ్యి కమిట్‌లున్నా సుమారు పది పరీక్షల్లో తేలిపోతుంది. ఇలా సగం చేస్తూ వెతికే బైనరీ సెర్చ్ వాళ్లందరూ చదువుకున్నదే. తమ ముందున్నది అదే లెక్క అని గుర్తుపట్టకపోవడంతోనే చిక్కు.

ఇలా గుర్తుపట్టకపోతే నష్టం పెద్దదే కావచ్చు. 2020 శరదృతువులో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు. పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో ఒక షీట్‌కి 65,536 వరుసలే పడతాయి, మిగతావి జారిపోయాయి. కొత్త ఫార్మాట్‌లోనూ 10,48,576 వరుసల దగ్గర హద్దు ఉంది. ఇంకాస్త పెద్ద షీట్ వెతుక్కోవడం దీనికి పరిష్కారం కాదు, పెద్ద ఫైల్‌ని ప్రశ్న అడిగి జవాబు తెచ్చుకోవడం అనేది వేరే రకం పని. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పుట్టి 2019లో బయటికొచ్చిన డక్‌డీబీ అనే డేటాబేస్ అదే చేస్తుంది. సర్వర్ అక్కర్లేదు, సీఎస్‌వీ (కామాలతో విడదీసిన డేటా) ఫైల్ మీదే నేరుగా ఎస్‌క్యూఎల్, అంటే డేటాని ప్రశ్నలడిగే భాష, నడుస్తుంది.

మరి ఆ పేర్లు ఎలా దొరుకుతాయి? పక్కవాళ్లు పనిచేస్తుంటే అరగంట కూర్చుని చూడటాన్ని మించిన దారి నాకు కనిపించలేదు. ఎవరి పని వాళ్లు ఇంట్లోంచి చేసుకునే రోజుల్లో అది తగ్గిపోయింది, ఆ నష్టం నిజమైనది. ఏఐ చాట్‌బాట్‌లు కొంత పూడుస్తున్నాయి. ‘ఏ టూల్ వాడాలి’ అని అడిగే బదులు, మన ఇబ్బందిని మామూలు మాటల్లో చెప్పి ‘ఈ సమస్యని ఏమంటారు’ అని అడిగితే ఎక్కువ లాభం. ఎందుకంటే అవి ఒక్కోసారి లేని లైబ్రరీల (రెడీమేడ్ కోడ్ ప్యాకేజీల) పేర్లు కూడా ధీమాగా చెబుతాయి. అలాంటి పేర్లని ముందే రిజిస్టర్ చేసి అందులో హానికర కోడ్ పెట్టడానికి కాచుకున్నవాళ్లూ ఉన్నారు.

దొరికిన ప్రతిదాన్నీ ఇన్‌స్టాల్ చేయకూడదన్నది అందుకే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో రహస్య ద్వారం బయటపడింది. లాగిన్‌కి సగం సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని ఒక ఇంజినీర్ పట్టుబట్టి తవ్వబట్టి దొరికింది. గిట్‌హబ్‌లో ఎన్ని స్టార్లు (లైకుల్లాంటివి) వచ్చాయన్నది కాకుండా, ఎవరు చూసుకుంటున్నారు, ఎంతమంది ఉన్నారు, చివరి రిలీజ్ ఎప్పుడు అన్నవి నేను ముందు చూస్తాను. తర్వాత, నా డేటాని మళ్లీ బయటికి తీసుకోగలనా అని చూస్తాను. ఈ రెండో పరీక్షలో ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌ని మించింది నాకు తగల్లేదు. 2000లో మొదలైంది, కోడ్ అందరి సొత్తు, మొత్తం డేటాబేస్ ఒకే ఫైల్. 2050 వరకు సపోర్ట్ ఇస్తామని దాని డెవలపర్లు రాసి పెట్టారు. ఏళ్ల తరబడి దాచుకోవాల్సిన నా డేటా అంతా ఇప్పుడు అందులోనే ఉంది, ఓపెన్‌రిఫైన్‌తో శుభ్రం చేసిన ఆ పేర్ల జాబితాతో సహా.