సైకిలు అందం బోల్టు కన్నాల దగ్గర చూడాలి

సైకిలు కొనేటప్పుడు అందరూ ముందు రంగు చూస్తారు, తరవాత చేత్తో ఎత్తి బరువు చూస్తారు. రోజూ పనికి తొక్కే సైకిలుకి ఈ రెండూ ఆఖరున చూడాల్సినవి. ఫ్రేముకి మడ్‌గార్డులు, క్యారియర్ బిగించడానికి మరలున్న కన్నాలు ఉన్నాయా? లేకపోతే ఎంత సొగసైన ఫ్రేమైనా మొదటి వానకే ప్లాస్టిక్ క్లిప్పులు, రబ్బరు పట్టీలతో కట్లు కట్టించుకున్న రోగిలా తయారవుతుంది.

మడ్‌గార్డు వెడల్పు టైరు కన్నా 8–10 మి.మీ. ఎక్కువుండాలి. 37 మి.మీ. టైరుకి 45 సరిపోతుంది. రెండింటి మధ్య సందు ఒక సెంటీమీటరు. ముందుదానికి నేలకి జానెడు ఎత్తు దాకా రబ్బరు ముక్క వేలాడాలి. అది లేకపోతే ఇసుక నీళ్ళు తిన్నగా బూట్ల మీదికీ చైను మీదికీ వస్తాయి. ముందు మడ్‌గార్డుని పట్టి ఉంచే కమ్మీలు గట్టిగా లాగితే ఊడివచ్చే రకం కావాలి. పుల్ల ఇరుక్కున్నప్పుడు అవి ఊడకపోతే మడ్‌గార్డు ముడుచుకుని చక్రం బిగుసుకుపోతుంది, మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరిపడతాడు.

గేర్ల విషయంలో మా ఓటు హబ్ (వెనక చక్రం నడిమి డబ్బా) లోపలి గేర్లకే. బరువు కాస్త ఎక్కువే, తొక్కడంలో కొంచెం శక్తీ పోతుంది. కానీ సిగ్నల్ దగ్గర ఆగి ఉండగానే గేరు మార్చుకోవచ్చు, చైనుకి నిండా కవరు వేయొచ్చు, ప్యాంటుకి మరక అంటదు. చదునైన దారులకి స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్లు చాలు. ఎత్తుపల్లాలుంటే షిమానో నెక్సస్ ఎనిమిది గేర్లు. ఇందులో అన్నిటికన్నా పెద్ద గేరు చిన్నదానికి మూడు రెట్లు పైమాటే. గేరు జారుతుంటే హబ్ పాడైందని కంగారు పడతారు. చాలాసార్లు తప్పు సాగిన కేబుల్‌ది. నెక్సస్ ఎనిమిదిలో నాలుగో గేరు వేసి, హబ్ దగ్గరి రెండు పసుపు గీతలు ఒకే వరసలోకి వచ్చేదాకా కేబుల్ సర్దుబాటు మర తిప్పితే సరి. చైను మధ్యలో కిందికీ పైకీ సెంటీమీటరు కదలాలి. పెడలు తిప్పుతూ, చైను బాగా బిగిసే చోట చూడండి. మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి, వదులైతే చైను పడిపోతుంది.

వెనక చక్రం విప్పడం పెద్ద పనని ఈ హబ్‌లంటే భయపడేవాళ్ళున్నారు. పంచరుకి చక్రం విప్పక్కర్లేదు. టైరు ఒక పక్క అంచు రిమ్ము బయటికి తీసి, పంచరైన చోట ట్యూబు లాగి ప్యాచి వేయొచ్చు. గుచ్చుకున్నది టైరులోంచి తీయడం మరిచిపోతేనే రెండో పంచరు.

తోలు సీటు, ఉదాహరణకి బ్రూక్స్ బి17, చూడ్డానికి బాగుంటుంది, చాకిరీ కూడా అడుగుతుంది. తడిసినప్పుడు ఎక్కి తొక్కితే తోలు సాగి కుంగిపోతుంది. మైనం అడుగునా పూయాలి. నూనెలో నానబెడితే మెత్తబడి పాడవుతుంది. ముక్కు కింది నట్టు, సీటు కుంగినప్పుడే, ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకూడదు. ఊరికే బిగిస్తూ పోతే రివెట్ల దగ్గర తోలు చిరుగుతుంది. ఈ సేవ చేయలేనివాళ్ళు మామూలు సీటు వేసుకోవడమే మర్యాద.

లైటు మాత్రం ముందు హబ్‌లోని డైనమోతో వెలిగేదే తీసుకోండి: 6 వోల్టులు, 3 వాట్లు. ఛార్జింగు గొడవ లేదు. ఆగినా కాసేపు వెలిగే రకం అడిగి మరీ పెట్టించుకోండి. కూడలిలో ఎడమకో కుడికో తిరగడానికి ఆగినప్పుడే వెనకవాళ్ళకి కనబడటం ముఖ్యం.