ఆ అమ్మాయి రీబౌండ్లు ఎవరు రాశారు?

అమెరికాలో ఉన్న మన తెలుగు సంఘం డిసెంబరులో విజయవాడలో చేసిన సేవా కార్యక్రమాలు ఎలా జరిగాయో మన పత్రిక పోయిన సంచికలో ఫొటోలతో సహా అందరూ చూశారు. కంటి శిబిరం, స్కాలర్‌షిప్పులు, ముగ్గుల పోటీ. ఈసారి కొత్తగా కాలేజీ పిల్లలకు బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ కూడా పెట్టారు. నాలాంటి వాళ్లం కొందరం ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నదే అది. పెట్టినందుకు ముందుగా కార్యవర్గానికి దండం. కానీ అమ్మాయిల ఫైనల్ రోజు జరిగింది మాత్రం ఆ ఫొటోల్లో లేదు. నా మనసులోంచి పోవడమూ లేదు.

ముఖ్య అతిథి గారు ఆలస్యంగా వచ్చారు. ఆయన వచ్చేదాకా ఆట మొదలుపెట్టలేదు. వచ్చాక జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, స్వాగతోపన్యాసం, ఆ తర్వాత దాతలకు సన్మానం. ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలిచి, ఎవరెంత ఇచ్చారో డాలర్లతో సహా మైకులో చదివి, శాలువా కప్పి, మెమెంటో చేతికిచ్చి, ఫొటో. ఎప్పుడో వార్మప్ చేసిన అమ్మాయిలు ఒళ్లు చల్లబడిపోయి కోర్టు పక్కన సిమెంటు గట్టు మీద వరసగా కూర్చున్నారు. చివరికి టైమ్ చాలదని పది నిమిషాల క్వార్టర్లను ఆరు నిమిషాలకు కుదించారు.

ఆ కుదించిన ఆటలోనే 11వ నంబర్ అమ్మాయిని చూశాను. తెనాలి వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటోందట. పెద్ద పొడగరి కూడా కాదు. రింగుకు తగిలిన బంతి ఎటు పడుతుందో ముందే తెలిసినట్టు సరిగ్గా అక్కడ ఉంటుంది. అవతలి జట్టు సెంటర్, అంటే రింగు దగ్గర ఆడే అమ్మాయి, తనకన్నా జానెడు ఎత్తు. ఆ పిల్లను వీపుతో అడ్డుకుని, మోకాళ్లు వంచి, కదలనివ్వకుండా నిలబడి, బంతి పట్టగానే తను షాట్ కొట్టకుండా ముందు పరిగెత్తే వాళ్లకు అందించేది. ఆ జట్టు గెలిచిందంటే ఆ అమ్మాయి వల్లే. ఆట తెలిసిన వాళ్లెవరైనా ఆ మాటే చెబుతారు.

చివరి విజిల్ పడగానే మళ్లీ మైకు. "బెస్ట్ ప్లేయర్ ఎవరండీ, త్వరగా చెప్పండి, సార్ వెళ్లాలి." స్కోరర్ బల్ల దగ్గరున్నాయన దగ్గర రెండు జట్ల మొత్తం పాయింట్లు తప్ప ఇంకేమీ లేవు. అంకెల అట్టలు తిప్పే స్టాండు ఒక్కటే ఆయనకిచ్చారు. వేదిక మీద ఎవరో ఒక పేరు చెప్పారు, ఆ పేరు చదివేశారు. అందుకున్న అమ్మాయి కూడా బాగానే ఆడింది, ఆ బిడ్డను నేనేమీ అనడం లేదు. అప్పుడు మా మేనల్లుడి స్నేహితుడు, కృష్ణలంక కుర్రాడు, ఒక లాంగ్ నోట్‌బుక్ పట్టుకుని వేదిక మెట్ల దాకా వెళ్లాడు. ఆట మొదలైన దగ్గర్నుంచి ప్రతి అమ్మాయి పేరుకెదురుగా గీతలు గీసుకుంటూ అన్నీ రాశాడు. "సార్, ఒక్కసారి ఇది చూడండి" అన్నాడు. మన పెద్దలొకరు ఆ పుస్తకం తెరవకుండానే, "ఇదేమన్నా ఎన్‌బీఏనా నాన్నా? ఏదో పిల్లల ఆట" అన్నారు. మైకు ఆన్‌లోనే ఉంది. వేదిక మీదా కిందా అందరూ నవ్వారు. కుర్రాడు నోట్‌బుక్ మూసుకుని వెనక్కి వచ్చేశాడు.

ఎక్కడా అచ్చు కాలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. ఆ పుస్తకం ప్రకారం 11వ నంబర్ అమ్మాయి 24 నిమిషాల ఆటలో 9 పాయింట్లు, 17 రీబౌండ్లు (రింగుకు తగిలి వచ్చిన బంతిని పట్టడం), 6 అసిస్టులు (బాస్కెట్ పడేలా అందించిన పాస్‌లు).

ఆ కుర్రాడికి, వాడి గుంపుకి అంకెల పట్టింపు ఎక్కడిదో చెప్పాలి. వాళ్లంతా అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే డాలస్ మావెరిక్స్ జట్టు అభిమానులు. నేను డాలస్‌లో ఉంటానని తెలిసినప్పటి నుంచీ మా మేనల్లుడి కన్నా వాళ్లే నాకు ఎక్కువ మెసేజీలు పెడతారు. చలికాలంలో మాకు రాత్రి ఏడున్నరకి ఆట మొదలైతే బెజవాడలో మర్నాడు ఉదయం ఏడు. ఇంట్లో ఫోన్లో కొంత చూసి, మిగతాది బందరు రోడ్డు మీద టీ కొట్టు దగ్గర చూసి, అట్నుంచటే కాలేజీకి వెళతారు. డిసెంబరులో ఒక ఉదయం నేనూ వాళ్లతో అక్కడ నిలబడ్డాను. 2025 ఫిబ్రవరిలో మావెరిక్స్ తమ స్టార్ ఆటగాడు లూకా డాన్చిచ్‌ను లాస్ ఏంజెలిస్ లేకర్స్ జట్టుకి ఇచ్చేసిన ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) గురించి వాళ్లింకా కొట్టుకుంటూనే ఉన్నారు.

"డిఫెన్స్ ఆడనోడికి 34.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఎవడిస్తాడ్రా?"

"సీజనంతా 33.9 పాయింట్ల యావరేజ్ కొట్టి ఫైనల్స్‌కి తీసుకెళ్లినోడికి ఇవ్వక ఎవడికిస్తావ్ మామా?"

"ఫైనల్స్‌లో బోస్టన్ నాలుగు–ఒకటితో పంపించింది, అది చెప్పవే?"

అక్కణ్ణుంచి లూకాకి బదులుగా వచ్చిన ఆంథొనీ డేవిస్‌ను ఉంచుకోవాలా వదులుకోవాలా, కైరీ ఇర్వింగ్ మోకాలు ఎప్పటికి కుదురుకుంటుంది, కొత్తగా వచ్చిన కూపర్ ఫ్లాగ్‌తో పాయింట్ గార్డ్‌గా (బంతి నడిపించే చోట) ఆడించడం తప్పా ఒప్పా, జట్టులో ఉన్న 15 చోట్లలో ఎవరిని తీసి ఎవరిని పెట్టాలి. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ కోసం తీసిన లాటరీలో మావెరిక్స్‌కి మొదటి పిక్, అంటే మొదటి వంతు, వచ్చే అవకాశం 1.8 శాతమే అని, అయినా వచ్చిందని, ఒకడు దుర్గమ్మ మీద ఒట్టేసి మరీ చెప్పాడు. నోట్‌బుక్ కుర్రాడు మాత్రం ఎవరే అంకె చెప్పినా, "అది ఏ సీజన్‌ది? ఎన్ని ఆటల్లో?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న పడగానే అరుపులు తగ్గి అందరూ ఆలోచించేవాళ్లు.

బెజవాడ వాళ్ల వాదనల పిచ్చిని నేనేమీ వెనకేసుకు రావడం లేదు. పని మానేసి వాదించే వాళ్లను చిన్నప్పటి నుంచీ చూశాను. గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల ముందు, ఏ సినిమా ఎన్ని సెంటర్లలో వంద రోజులాడింది, కృష్ణా షేర్ ఎంత, గుంటూరు షేర్ ఎంత అని పొద్దుపోయేదాకా తేల్చుకునేవాళ్లు. వాళ్లలో చాలామందికి ఆ సినిమాలో పైసా పెట్టుబడి లేదు. కానీ తప్పు అంకె చెప్పినవాణ్ణి మాత్రం ఊరుకోనిచ్చేవాళ్లు కాదు. ఎంత పెద్దవాడు చెప్పినా సరే, "లెక్క చూపించు" అనేవాళ్లు. ఆ ఊరి మనుషుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గుణం అదే. అమెరికా వచ్చాక ఆఫీసు మీటింగుల్లో నాకు ధైర్యమిచ్చిందీ అదే.

టీ కొట్టు దగ్గర మన సంఘం వాళ్లే ఒకరు ఆ కుర్రాళ్లను చూసి, "ఎక్కడి డాలస్, ఎక్కడి మీరు? ప్లేస్‌మెంట్స్ సంగతి చూసుకోండ్రా" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ ఆ ట్రేడ్ సంగతి ఒక్కసారి ఆలోచించండి. పాతికేళ్ల ఆటగాణ్ణి, ఏటా ఐదుగురు మేటి ఆటగాళ్లను ఎంచే ఆల్ ఎన్‌బీఏ మొదటి జట్టులో అప్పటికే ఐదుసార్లు ఉన్నవాణ్ణి, నాలుగు గోడల మధ్య మాట్లాడుకుని పంపేశారు. మాకది శనివారం రాత్రి, బెజవాడలో ఆదివారం ఉదయం. మా ఊళ్లో జనం స్టేడియం ముందు శవపేటిక పెట్టి నిరసన చేశారు. ఏప్రిల్‌లో అదే స్టేడియానికి లూకా తిరిగొచ్చి 45 పాయింట్లు కొట్టాడు. నవంబరులో ఆ ట్రేడ్ చేసిన జనరల్ మేనేజర్ ఉద్యోగం పోయింది. ఆ ట్రేడ్ మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను వెళ్లను. ఆ నిర్ణయం తీసుకున్న పెద్దమనిషిని కృష్ణలంకలో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడు కూడా సూటిగా నిలదీయగలిగాడు. ప్రతి షాటూ ప్రతి రీబౌండూ ఎవరో కూర్చుని రాశారు కాబట్టి నిలదీయగలిగాడు. మన టోర్నమెంట్‌లో ఆ పని ఎవరికీ అప్పజెప్పలేదు. వాడు తనంతట తాను చేస్తే నవ్వారు.

రాస్తే ఏమవుతుందో, రాయకపోతే ఏమవుతుందో ఎన్‌బీఏ చరిత్రలోనే ఉంది. 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లెయిన్ ఒకే ఆటలో 100 పాయింట్లు కొట్టాడు. ఆ ఆట వీడియో లేదు. హెర్షీ అనే చిన్న ఊళ్లో జరిగింది, టీవీ వాళ్లు రాలేదు. అయినా ఈరోజు ఎవరూ దాన్ని కాదనలేరు. చాంబర్లెయిన్ ఆడిన ఫిలడెల్ఫియా జట్టుకి లెక్కలు రాసే హార్వీ పొలాక్ ఆ రాత్రి బల్ల దగ్గరే ఉన్నాడు. 36 ఫీల్డ్ గోల్స్ (ఒక్కోటి రెండు పాయింట్లు), 28 ఫ్రీ త్రోలు (ఒక్కోటి ఒక పాయింటు), అన్నీ కాగితం మీద ఉన్నాయి. ఇంకోవైపు బిల్ రసెల్‌ను చూడండి. బోస్టన్‌కి 11 చాంపియన్‌షిప్పులు తెచ్చినవాడు, షాట్లు అడ్డుకోవడంలో ఆయనను మించినవాడు లేడని ఆయనతో ఆడిన వాళ్లు చాలామంది అన్నారు. ఆయన బ్లాకులు ఎన్నని అడిగితే అధికారిక లెక్క లేదు. ఎన్‌బీఏ బ్లాకులు లెక్కపెట్టడం 1973–74 సీజన్‌లో మొదలుపెట్టింది. అప్పటికి ఆయన ఆట మానేసి నాలుగేళ్లు.

నేనూ బెజవాడలో ఆడాను. కాలేజీ జట్టుకి, తర్వాత యూనివర్సిటీ జట్టుకి. సాయంత్రం మ్యాచ్ ఉంటే మా నాన్నగారు ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, గొడుగు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుని, నేను వేసిన బాస్కెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేవారు. ఇంటికెళ్లాక నానమ్మకి చెప్పేవారు. ఆవిడకి ఆట తెలియదు, అంకె మాత్రం అర్థమయ్యేది. పక్కింటి వాళ్లకి చెప్పుకునేది. నాన్నగారు పోయారు. నేను ఏ ఆటలో ఎంత కొట్టానో చెప్పే మనిషి ఇప్పుడు లేడు. నా దగ్గరున్న సర్టిఫికెట్ల మీద "పాల్గొన్నారు" అని ఉంది. మొన్న మన టోర్నమెంట్‌లో 11వ నంబర్ అమ్మాయికి ఇచ్చిన సర్టిఫికెట్ మీదా అంతే ఉంది. ఆ అమ్మాయి రేపు స్పోర్ట్స్ కోటాకి వెళ్లినా, స్కాలర్‌షిప్‌కి వెళ్లినా ఆ కాగితమే చూపించాలి. అదే ఊళ్లో ఈఏపీసెట్ ర్యాంకు వస్తే పిల్లల ఫొటో పక్కన అంకె వేసి బస్సు వెనకా ఫ్లెక్సీల మీదా పెడతారు.

అంకెలతోనే అన్నీ తేలవని నాకు తెలుసు. అడ్డం నిలబడి స్నేహితురాలికి దారి చేసిపెట్టిన పిల్ల పేరు ఏ గడిలోనూ పడదు. వాలంటీర్లు ఎంత అలసిపోయారో కూడా చూశాను. పొద్దున్న కంటి శిబిరంలో నిలబడ్డవాళ్లే సాయంత్రం కోర్టులో కుర్చీలు సర్దారు. దాతలు లేకపోతే బంతులూ లేవు, జెర్సీలూ లేవు. వాళ్లను గౌరవించాల్సిందే. కానీ ఎవరెంత ఇచ్చారో పైసలతో సహా చదవడానికి మనకు తీరిక దొరికింది. ఆడిన పిల్ల ఎంత ఆడిందో రాయడానికి మాత్రం ఒక కాగితం దొరకలేదు. ఇది మన పద్ధతి, చిన్నప్పటి నుంచీ చూస్తున్న పద్ధతి. సముద్రాలు దాటి కూడా దాన్ని జాగ్రత్తగా వెంట తెచ్చుకుని, మళ్లీ డబ్బుతో సహా మన ఊరికే తిప్పి పంపిస్తున్నాం. ఇక్కడ అమెరికాలో మన పిల్లలు రెక్ సెంటర్‌లో (ఊరి ఆటల కేంద్రంలో) ఆడితే స్కోర్‌బుక్ రాస్తున్నారా లేదా అని మనమే వెళ్లి తొంగి చూస్తాం కదా.

2015లో మావెరిక్స్ 52వ పిక్‌గా సత్నామ్ సింగ్‌ను తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడు. పంజాబ్ పల్లెటూరి పిల్లవాడు. డాలస్ పక్కనున్న మన ఫ్రిస్కోలోనే, మావెరిక్స్‌కి అనుబంధమైన లెజెండ్స్ జట్టుకి ఆడాడు. మనలో చాలామంది పిల్లల్ని తీసుకెళ్లి చూశాం, ఫొటోలు దిగాం. పంజాబ్‌లో ఎవరో ఆ పిల్లవాణ్ణి చూసి, పేరు రాసుకుని, అకాడమీకి పంపబట్టే అంత దూరం వచ్చాడు. తెనాలి పిల్ల ఎంత దూరం వెళుతుందో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే ముందు రాయాలి.

కార్యవర్గం వచ్చే డిసెంబరు ప్రణాళిక వేసుకునేటప్పుడు నా ఈ మనవిని ఎజెండాలో పెట్టండి. మనం డబ్బు పెట్టే ప్రతి కోర్టు దగ్గరా ఒక బల్ల, ఇద్దరు స్కోరర్లు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా వాళ్ల స్కోర్‌షీట్‌లో రీబౌండ్లూ అసిస్టులూ ఉండవు కాబట్టి వాటికి వేరే కాగితం. ఆట అయ్యాక దాని నకలు ప్రతి పిల్లకీ సర్టిఫికెట్‌తో పాటు. ఆ ఫారాలు నా ఖర్చుతో ముద్రించి తెస్తాను. రాయడం నేర్పడానికి కృష్ణలంక కుర్రాడూ వాడి గుంపూ సిద్ధంగా ఉన్నారు, నేను అడిగాను. వాళ్లకి కావాల్సింది గట్టు మీద రెండు కుర్చీలు, మైకులో ఎవరూ నవ్వకుండా ఉండటం. ఫైనల్ పది నిమిషాల క్వార్టర్లతో పూర్తిగా ఆడనివ్వండి. బెస్ట్ ప్లేయర్ పేరు ఆ కాగితం చూసి చదవండి. సన్మానాలు ఆట అయ్యాక ఎంతసేపైనా పెట్టుకుందాం, చివరిదాకా నేనూ కూర్చుంటాను.